పైలట్‌కు తెలిసినదీ, ప్రొఫెసర్‌కు తెలిసినదీ ఒకటేనా?

సంక్షిప్తంగా: పైలట్ పరిజ్ఞానం ఒక చోటుకు, ఒక యంత్రానికి, కొన్ని సెకన్ల గడువుకు కట్టుబడి ఉంటుంది. శాస్త్రవేత్త పరిజ్ఞానం అన్ని చోట్లకూ వర్తించే నియమాన్ని వెతుకుతుంది. సామాన్యుల దగ్గర సమాచారం పెరిగింది, దాన్ని చదివే పద్ధతి మాత్రం అంతగా చేరలేదు. పెద్ద ప్రమాదాల నివేదికల్లో పదేపదే కనిపించే లోపం ఏమిటంటే, ఒకరికి తెలిసిన విషయం రెండోవారికీ తెలిసే ఉంటుందని అనుకోవడం.

2025 జూన్ 12న అహ్మదాబాద్ నుంచి లండన్‌కు బయలుదేరిన ఎయిర్ ఇండియా 171 విమానం గాలిలోకి లేచిన క్షణాల్లోనే కూలి, నేల మీద ఉన్నవారితో కలిపి 260 మంది మరణించారు. ఆ తరువాత కొన్ని వారాల పాటు టీవీ చర్చల్లోనూ, టీ కొట్ల దగ్గరా మూడు రకాల వాదనలు కలగాపులగంగా వినిపించాయి. వేల గంటలు విమానం నడిపినవారు ఒక మాట చెప్పారు, ఇంజనీరింగ్ బోధించేవారు ఇంకో మాట చెప్పారు, వీడియో చూసినవారు తమకు తోచింది చెప్పారు. వీరిలో ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న మాత్రం తేలలేదు.

విశాఖపట్నంలో ఈ ప్రశ్నకు ఇంకో కోణం కూడా ఉంది. ఈ ఊళ్లో పైలట్ అంటే విమానం నడిపే వ్యక్తి ఒక్కరే కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఓడలను నౌకాశ్రయంలోకి తీసుకువచ్చేవారినీ పైలట్లనే అంటారు. రెండు వృత్తులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రత్యేక పరిజ్ఞానం అనే దాని స్వరూపం ఒక్క వృత్తిని చూసినప్పటికంటే స్పష్టంగా బయటపడుతుంది.

ఓడ ఎక్కే పైలట్

విశాఖ లోపలి నౌకాశ్రయంలోకి 1933 అక్టోబరులో మొదటి ఓడ జలదుర్గ ప్రవేశించింది. బయటి నౌకాశ్రయం 1970ల్లో వచ్చింది. సముద్రం మీద వేల మైళ్లు ప్రయాణించి వచ్చిన కెప్టెన్ కూడా ఇక్కడికి చేరాక ఒక పైలట్ కోసం ఆగవలసిందే. 1908 నాటి నౌకాశ్రయ చట్టం కాలం నుంచీ ప్రధాన రేవుల్లో ఇది తప్పనిసరి నిబంధన. చిన్న పడవలో ఎదురు వెళ్లిన పైలట్, కదులుతున్న ఓడ పక్కకు చేరి, వేలాడే తాడు నిచ్చెన పట్టుకుని పైకి ఎక్కుతాడు. అప్పుడు ఓడ మీద సగం తెలుపు, సగం ఎరుపు ఉన్న జెండా ఎగురుతుంది. పైలట్ ఓడపై ఉన్నాడని దాని అర్థం. బీచ్ రోడ్డు మీద నిలబడి చూసేవారికి అది కేవలం ఒక గుడ్డముక్కలా కనిపించవచ్చు.

ఈ ఏర్పాటులో గమనించవలసినది అధికార విభజన. పైలట్ ఎక్కినా ఓడ బాధ్యత కెప్టెన్‌దే. ఆ ఓడ ఎంత నెమ్మదిగా ఆగుతుందో, ఇంజన్ వెనక్కి తిప్పితే ముందు భాగం ఎటు లాగుతుందో కెప్టెన్‌కు తెలుసు. కొండ చాటున గాలి ఎలా తగ్గుతుందో, చాటు దాటిన వెంటనే ఎలా తోస్తుందో, ఓడలు మలుపు తిరిగే టర్నింగ్ బేసిన్‌లో టగ్గులను (ఓడను లాగే, తోసే చిన్న పడవలను) ఏ క్షణంలో అందుకోవాలో పైలట్‌కు తెలుసు. ఇద్దరూ నిపుణులే, ఇద్దరికీ తెలియనివీ ఉన్నాయి. ఒకరి మాట లేకుండా రెండోవారు ఓడను బెర్తుకు, అంటే ఓడ కట్టే చోటుకు, చేర్చడం ప్రమాదకరమని చట్టమే ఒప్పుకున్నట్లయింది.

సూత్రం ఏం చెబుతుంది, చేతికి ఏం తెలుస్తుంది

తక్కువ లోతు నీటిలో వేగంగా వెళ్లే ఓడ కిందికి దిగుతుంది. దీన్ని స్క్వాట్ అంటారు. ఓడ అడుగుకూ సముద్రపు నేలకూ మధ్య ఇరుకైన సందులో నీరు వేగంగా ప్రవహించాల్సి వస్తుంది. వేగం పెరిగిన చోట నీటి పీడనం తగ్గి, ఓడ కిందికి లాగబడుతుంది. స్పీడ్ బోటు వేగం పెంచితే పైకి లేవడం చూసిన సామాన్యుడికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది.

నౌకా నిర్మాణ శాస్త్రవేత్త బారస్ దీనికి ఒక సులభమైన లెక్క ఇచ్చారు. ఇరుకు దారిలో ఓడ వేగాన్ని నాట్లలో (గంటకు ఎన్ని సముద్ర మైళ్లో) తీసుకుని వర్గం చేసి, ఓడ ఆకృతి గుణకంతో గుణించి, 50తో భాగిస్తే ఓడ గరిష్ఠంగా ఎన్ని మీటర్లు దిగుతుందో సుమారుగా వస్తుంది. నీటిలో మునిగిన ఓడ భాగం, అంతే పొడవు, వెడల్పు, లోతు గల పెట్టెలో ఎంత వంతు నింపుతుందో చెప్పే నిష్పత్తే ఆకృతి గుణకం. ఇనుప ఖనిజం మోసే పెద్ద ఓడకు అది 0.8 దాకా ఉంటుంది. అలాంటి ఓడ 8 నాట్ల వేగంతో వస్తే 64ను 0.8తో గుణించి 50తో భాగించగా ఒక మీటరు పైచిలుకు వస్తుంది. వేగం 4 నాట్లకు తగ్గిస్తే అది పాతిక సెంటీమీటర్ల దగ్గరికి పడిపోతుంది. వేగం సగమైతే దిగుడు నాలుగో వంతు అవుతుంది. పున్నమి, అమావాస్యలకు కూడా సముద్రపు పోటుపాట్ల తేడా దాదాపు ఒకటిన్నర మీటరు దాటని విశాఖ వంటి తీరంలో ఒక మీటరు చిన్న విషయం కాదు.

ఈ లెక్క పైలట్‌కూ తెలుసు, పరీక్షలో రాసి వచ్చిందే. అయితే ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి మీద అతను గమనించేవి వేరు. చుక్కాని తిప్పిన తరువాత ఓడ మామూలు కంటే ఆలస్యంగా స్పందిస్తుంది. ఇంజన్ చుట్ల సంఖ్య మారకపోయినా వేగం పడిపోతుంది. వెనుక లేచే అల పెద్దదవుతుంది, కాళ్ల కింద కంపనం పెరుగుతుంది. ఇవన్నీ కలిసి నేల దగ్గరపడుతోందని చెబుతాయి. గట్టుకు దగ్గరగా వెళ్తే వెనుక భాగాన్ని గట్టు లాక్కుంటుంది, ముందు భాగం అవతలికి తిరుగుతుంది. దీన్ని శాస్త్రవేత్త పీడన భేదంగా వివరిస్తాడు. పైలట్ మాత్రం అది జరగడానికి ముందే చుక్కానిని రెండు డిగ్రీలు గట్టువైపు పట్టి ఉంచుతాడు. 2021 మార్చి 23న సూయజ్ కాలువలో 400 మీటర్ల ఎవర్ గివెన్ ఓడ అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసుకుపోయినప్పుడు, ప్రపంచమంతా వేళాకోళపు బొమ్మలు పంచుకుంది. ఈ శాస్త్రం చదివినవారు గట్టు ప్రభావం గురించి మాట్లాడారు, కాలువల్లో ఓడలు నడిపినవారు ఆ గాలిలో తామైతే ఏ వేగం ఎంచుకునేవారమో చర్చించారు. మూడూ ఒకే ఘటన మీద వచ్చినవే, కానీ వాటిలో ఏ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు.

చేయగలిగినవారు చెప్పలేకపోవడం

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన స్టువర్ట్ డ్రేఫస్, హ్యూబర్ట్ డ్రేఫస్ సోదరులు 1980లో అమెరికా వైమానిక దళం కోసం నైపుణ్యం ఎలా పెరుగుతుందన్న అంశంపై ఒక అధ్యయనం చేశారు. వారు ఉదహరించిన ఒక సంగతి పైలట్ల పరిజ్ఞానాన్ని అర్థం చేసుకోవడానికి నేటికీ ఉపయోగపడుతుంది. కాక్‌పిట్‌లోని మీటర్లను ఏ వరుసలో చూడాలో శిక్షకులు కొత్తవారికి ఖచ్చితంగా నేర్పేవారు. తీరా ఆ శిక్షకుల కనుచూపు కదలికలనే నమోదు చేసి చూస్తే, వారు తాము నేర్పే వరుసను పాటించడం లేదు. పరిస్థితిని బట్టి వారి చూపు ఎటు పోవాలో అటు పోతోంది. ఆ సంగతి వారికే తెలియదు.

ఇక్కడ నిపుణుడిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. సైకిల్ తొక్కేవాడిని ఎలా పడిపోకుండా ఉంటున్నావని అడిగితే అతను చెప్పే జవాబు సాధారణంగా తప్పే. అయినా అతను పడిపోడు. అందుకే పైలట్ చెప్పే వివరణనూ, పైలట్ చేసే పనినీ విడదీసి చూడాలి.

విమానం ఎందుకు ఎగురుతుందన్న ప్రశ్న దీనికి మంచి ఉదాహరణ. రెక్క పైభాగం వంపుగా ఉండటం వల్ల అక్కడి గాలి ఎక్కువ దూరం ప్రయాణించి, కింది గాలితో ఒకేసారి వెనుక అంచుకు చేరడానికి వేగం పెంచుకుంటుందని చాలామంది చదువుకున్నారు, కొందరు పైలట్లు కూడా అలాగే చెబుతారు. ఒకేసారి చేరాలన్న నియమం ఏదీ లేదని, నిజానికి పైగాలి కింది గాలికంటే ముందే చేరుతుందని వాయుగతిశాస్త్రం తెలిసినవారు సరిదిద్దుతారు. ఆ సవరణ విన్నాక కూడా పైలట్ విమానం నడిపే తీరులో ఏ మార్పూ ఉండదు. అతనికి పనికొచ్చే విషయం వేరొకటి ఉంది: గాలికి రెక్క ఎదురయ్యే కోణం ఒక హద్దు దాటితే గాలి రెక్కను వదిలేస్తుంది, అప్పుడు ముక్కు కిందికి దించడమే మార్గం. వివరణలో తప్పు ఉన్నా చేతిలో పని సరిగా ఉండటం సాధ్యమే.

చేతిలో ఉన్నది ఎప్పటికీ ఉంటుందన్న హామీ మాత్రం లేదు. నాసాలో స్టీఫెన్ కాస్నర్ బృందం 2014లో వెలువరించిన అధ్యయనంలో, ఆటోమేషన్‌కు అలవాటుపడిన ఎయిర్‌లైన్ పైలట్ల చేతి నైపుణ్యం చాలావరకు నిలిచే ఉంది. తగ్గింది మాత్రం మనసులో లెక్క పెట్టుకునే శక్తి: మ్యాప్ లేకుండా ఎక్కడున్నామో గుర్తుంచుకోవడం, తరువాత ఏం చేయాలో ముందే ఆలోచించి ఉంచుకోవడం, పరికరం తప్పు చూపుతోందని పసిగట్టడం. వాడుక తగ్గిన మేరకు తెలివిడి తుప్పు పడుతుంది, అదీ పైకి కనిపించని భాగం ముందుగా.

అంతఃప్రేరణను ఎప్పుడు నమ్మవచ్చు

అనుభవజ్ఞుల ఊహను మెచ్చుకునే పరిశోధకుడు గ్యారీ క్లైన్, అలాంటి ఊహల్లో పొరపాట్లను వెతికే డేనియల్ కానెమన్ 2009లో కలిసి ఒక వ్యాసం రాసి, ఆశ్చర్యకరంగా ఏకాభిప్రాయానికి వచ్చారు. పరిసరాల్లో నిలకడైన క్రమం ఉండి, చేసిన పనికి ఫలితం త్వరగా, స్పష్టంగా తెలిసే చోట ఆ ఊహను నమ్మవచ్చని వారి నిర్ధారణ. ల్యాండింగ్ అలాంటిదే. ప్రతిసారీ చక్రాలు నేలను తాకిన తీరే మార్కులు వేస్తుంది. ఓడను బెర్తుకు చేర్చడమూ అంతే.

అయితే ఒక పైలట్ వృత్తి జీవితంలో ఎన్నడూ ఎదురుకాని పరిస్థితికి ఈ హామీ చెల్లదు. 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగం కొలిచే గొట్టాల్లో మంచు చేరి, వేగం చూపే అంకెలు తప్పడంతో ఆటోపైలట్ తప్పుకుంది. విమానం స్టాల్ అయింది, అంటే గాలి రెక్కను వదిలేసింది, హెచ్చరిక శబ్దం మోగుతూనే ఉంది, అయినా ముక్కును పైకి లాగి ఉంచిన స్థితి ఎక్కువసేపు కొనసాగింది. 228 మంది మరణించారు. ఆ ఎత్తులో చేత్తో విమానం నడిపే అభ్యాసం వారికి దాదాపు లేదు. నేల దగ్గర నేర్చుకున్న అలవాటు అక్కడ పనిచేయలేదు. ఈ సందర్భంలో గాలి కోణం గురించి పుస్తకం చెప్పిన మాటే సరైనది, అది అందరికీ తెలిసినదే. చీకట్లో, అలారాల మధ్య అది గుర్తుకు రావడమే కష్టమైంది.

తీరిగ్గా కూర్చున్నవారి లెక్కకూ పరిమితి ఉంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయిన యుఎస్ ఎయిర్‌వేస్ 1549 విమానాన్ని కెప్టెన్ సల్లెన్‌బర్గర్ హడ్సన్ నది మీద దించగా, అందులోని 155 మందీ బతికారు. వెనక్కి తిరిగి రన్‌వే చేరగలిగేవారా అని దర్యాప్తులో సిమ్యులేటర్‌లో పరీక్షించారు. పక్షులు తగిలిన మరుక్షణమే తిరిగినట్లు చేసిన ప్రయత్నాల్లో కొన్ని రన్‌వే చేరాయి. పరిస్థితి అర్థం చేసుకుని నిర్ణయించడానికి పట్టే సమయంగా 35 సెకన్లు కలిపితే చేరలేదు. ఈ 35 సెకన్లను లెక్కలో చేర్చాలన్న ఆలోచన ఏ సమీకరణం నుంచీ పుట్టదు. ఆ సీట్లో కూర్చున్నవారికి అది చెప్పక్కర్లేకుండానే తెలుసు.

సామాన్యుడు ఎవరు

విమానాల కదలికను క్షణక్షణం చూపే యాప్‌లు ఇప్పుడు అందరి ఫోన్లలో ఉన్నాయి. 2024 మే 21న సింగపూర్ ఎయిర్‌లైన్స్ 321 విమానం కుదుపులకు లోనై ఒక ప్రయాణికుడు మరణించినప్పుడు, ఆ యాప్‌లోని గీతను చూసి విమానం 6,000 అడుగులు పడిపోయిందని ప్రపంచమంతా రాశారు. దర్యాప్తు సంస్థ రికార్డర్ చదివాక బయటపడింది వేరు. గాయాలకు కారణమైన పతనం 4.6 సెకన్లలో 178 అడుగులు. 6,000 అడుగుల దిగుదల ఆ తరువాత బ్యాంకాక్‌కు మళ్లేందుకు పైలట్లు అదుపులో ఉంచుకుని చేసింది. అంకె అబద్ధం కాదు, దాన్ని చదివిన తీరు తప్పు. 178 అడుగులే మనుషుల్ని పైకప్పుకు కొట్టగలవన్న సంగతి, వేగం మారే రేటు గురించి తెలియనివారికి నమ్మశక్యంగా ఉండదు. ‘ఎయిర్ పాకెట్’ అన్న మాట కూడా ఇలాంటిదే. ఆకాశంలో గాలి లేని గుంటలు ఉండవు, పైకీ కిందికీ కదిలే గాలి ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం ఒకవైపు సింహాచలం కొండలు, మరోవైపు యారాడ కొండలు ఉన్న విశాఖలో దిగే విమానం ఊగడానికి గుంట అవసరం లేదు, వేడెక్కిన కొండవాలు చాలు.

అయితే సామాన్యులందరినీ ఒకే గాటన కట్టడం కూడా పొరపాటే. చేపలరేవులో మరపడవ నడిపే సరంగుకు చదువు తక్కువ ఉండవచ్చు. వేసవికి ముందు తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి ఉంటుందని, వానాకాలం వెళ్లాక దక్షిణానికి తిరుగుతుందని అతనికి వల వేసిన ప్రతిసారీ తెలుస్తుంది. 1952లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, విద్యార్థులతో కలిసి ఇదే తీరంలో ప్రవాహాలను, అడుగు చల్లని నీరు పైకి ఉబికి రావడాన్ని కొలిచారు. సరంగుకు తెలిసినది, లాఫాండ్ కొలిచినది ఒకే సముద్రం. తేడా ఏమిటంటే, కొలత వేరే తీరానికి, వేరే సంవత్సరానికి పోల్చి చూడటానికి పనికొస్తుంది. సరంగు తెలివిడి అతను ఊరు మారితే చాలావరకు చెల్లదు. సామాన్యుడంటే చదువు లేనివాడని కాక, ఆ పని ఫలితం తన మీద పడని దూరంలో ఉండి మాట్లాడేవాడని అర్థం చెప్పుకుంటే వర్గీకరణ మెరుగ్గా కుదురుతుంది. ఆ లెక్కన వేరే విభాగపు ప్రొఫెసర్ కూడా విమానం విషయంలో సామాన్యుడే.

అతుకు దగ్గర

2001 నవంబరు 12న న్యూయార్క్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 విమానం కూలి 265 మంది మరణించారు. ముందు వెళ్లిన పెద్ద విమానం రేపిన గాలి సుడిలో చిక్కినప్పుడు, చుక్కాని పెడల్‌ను ఒకవైపు పూర్తిగా, వెంటనే రెండోవైపు పూర్తిగా తొక్కడంతో తోక నిలువు రెక్క ఊడిపోయింది. మనూవరింగ్ స్పీడ్ అనే ఒక నిర్దిష్ట వేగం లోపల ఉన్నంత వరకు నియంత్రణలను ఎలా వాడినా విమాన నిర్మాణం దెబ్బతినదని పైలట్లలో విస్తృతంగా నమ్మకం ఉండేది. ఇంజనీర్ల లెక్కలో ఆ వేగానికి ఉన్న అర్థం వేరు: ఒకవైపు ఒక్కసారి పూర్తిగా తిప్పితే తట్టుకుంటుందని మాత్రమే. అటూ ఇటూ మార్చి తొక్కడం ఆ హామీలో లేదు. ఇద్దరి నోటా అదే పదం, దశాబ్దాల పాటు రెండు అర్థాలతో నడిచింది. ఆ తేడాను నిబంధనల్లో స్పష్టంగా రాయడానికి 2010 దాకా పట్టింది.

బోయింగ్ 737 మ్యాక్స్ కథలో ఇదే లోపం తిరగబడి కనిపిస్తుంది. ముక్కును తనంతట తాను దించే సాఫ్ట్‌వేర్ గురించి పైలట్ల మాన్యువల్‌లో అప్పట్లో లేదు. అది తప్పుగా పనిచేస్తే పైలట్లు సెకన్లలో గుర్తించి ఆపేస్తారని రూపకర్తలు అనుకున్నారు. 2018 అక్టోబరులో, 2019 మార్చిలో జరిగిన రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు. సముద్రంలోనూ ఇదే. 1992 ఆగస్టు 7న అమెరికా తూర్పు తీరంలో పైలట్ ఉండగానే క్వీన్ ఎలిజబెత్ 2 ఓడ రాళ్లకు రాసుకుంది. పటంలో చూపినదానికంటే లోతు తక్కువగా ఉన్న చోట, ఆ వేగంలో ఓడ ఎంత దిగుతుందో అందులోనివారు తక్కువగా అంచనా వేశారు. పైలట్, కెప్టెన్ దారి గురించి ముందుగా కూర్చుని మాట్లాడుకోలేదని దర్యాప్తు తేల్చింది.

అహ్మదాబాద్ చర్చను ఇప్పుడు మళ్లీ చూడవచ్చు. 2025 జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక, రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆపివేత స్థానానికి మారినట్లు రికార్డయిందని చెప్పింది, కారణం నిర్ధారించలేదు. ఇంట్లో లైటు స్విచ్ వంటిదే అనుకున్నవారు చెయ్యి తగిలి ఉంటుందన్నారు. దాన్ని ముందు పైకి లాగితే తప్ప జరపడం కుదరదని పైలట్లకు చేతివేళ్లకే తెలుసు. ఆ తాళం కొన్ని విమానాల్లో పట్టు తప్పి ఉండవచ్చన్న 2018 నాటి సలహా పత్రం ఇంజనీర్లకు తెలుసు. అది తప్పనిసరి ఆదేశం కాకపోవడం నివేదికలో ప్రస్తావనకు వచ్చింది. స్విచ్ ఎలా ఉంటుందన్నది పైలట్‌ను, తాళం ఎలా చెడుతుందన్నది ఇంజనీర్‌ను అడగవలసిన ప్రశ్నలు. ఎవరు, ఎందుకు అన్నది ఇద్దరి వృత్తి పరిజ్ఞానానికీ బయటిది, సాక్ష్యం తేల్చవలసినది.

రెండూ కలిసే చోట్లు

విశాఖలోని నౌకా పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్‌లో అర కిలోమీటరు పొడవైన నీటి తొట్టి ఉంది. ఓడల నమూనాలను అందులో లాగి కొలుస్తారు, అది శాస్త్రవేత్త పద్ధతి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ దగ్గర పోర్ట్ రెవెల్ అనే చోట అదే శాస్త్రాన్ని పైలట్ చేతికి ఇచ్చారు. అక్కడ ఓడలు అసలులో ఇరవై అయిదో వంతు. 300 మీటర్ల ట్యాంకరు 12 మీటర్ల పడవ అవుతుంది, పైలట్ అందులో కూర్చుని నడుపుతాడు. పరిమాణాన్ని 25 రెట్లు కుదిస్తే కాలం 5 రెట్లు వేగంగా నడుస్తుంది, కాబట్టి అయిదు నిమిషాల మలుపు నిమిషంలో అయిపోతుంది. 5 నాట్ల పిల్లగాలి అక్కడ 25 నాట్ల గాలిలా తోస్తుంది.

రోజువారీ పనిలో ఈ కలయిక ఒక కాగితం మీద జరుగుతుంది. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1987లో సిఫారసు చేసిన పైలట్ కార్డు అది. నిచ్చెన ఎక్కి బ్రిడ్జి చేరిన పైలట్‌కు కెప్టెన్ దాన్ని అందిస్తాడు. ఓడ ఎంత లోతు మునిగి ఉంది, ఏ ఇంజన్ చుట్లకు ఎంత వేగం, లంగర్లు ఎలా ఉన్నాయి, చుక్కాని ఎంత సేపటికి తిరుగుతుంది అన్నవి అందులో ఉంటాయి. వాటిలో చాలావరకు ఓడ కట్టినప్పుడు ఇంజనీర్లు కొలిచి రాసినవే. డాల్ఫిన్స్ నోస్ చాటు దాటాక గాలి ఎటు తోస్తుందన్న దానికి ఆ కార్డులో గడి ఉండదు. అది పైలట్ నోటితో చెప్పాలి, కెప్టెన్ వినాలి.